అందినట్టే అంది చేజారిన అగ్రస్థానం
నాలుగు పాయింట్ల దూరంలో నిలిచిపోయిన శ్రీనిధి

లాలాపేట్: నగరానికి తూర్పు వైపునున్న లాలాపేట్ నుంచి శ్రీనిధి డెక్కన్ జట్టు ఆట చూడాలంటే ఊరంతా దాటి పడమటికి వెళ్ళాలి. మొయినాబాద్ దారిలోని డెక్కన్ ఎరీనా ఆ జట్టు సొంత మైదానం. 2023-24 ఐ-లీగ్ సీజనులో అంత దూరం వెళ్ళిన ఫుట్‌బాల్ అభిమానులను ఆట నిరాశపరచలేదు. చివరి పట్టికే ఉసూరుమనిపించింది.

ఒక్కరికే పై మెట్టు

ఇండియన్ సూపర్ లీగుకున్న ధనబలం, ఆర్భాటం ఐ-లీగుకు లేవు. అయినా శ్రీనగర్ నుంచి కోజికోడ్ దాకా, గోవా నుంచి ఐజ్వాల్ దాకా జట్లు ఇందులో తలపడ్డాయి. ఆ ఏడు మొత్తం 13 జట్లు. ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో రెండేసి సార్లు, మొత్తం 24 మ్యాచ్‌లు ఆడింది. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. 2022-23 సీజను నుంచి విజేతకు సూపర్ లీగులో ప్రవేశం దక్కుతోంది. రెండో స్థానానికి మాత్రం ఆ భాగ్యం లేదు.

ఆ నియమమే శ్రీనిధికి శాపమయింది. 2021-22లో ఐ-లీగులో అడుగుపెట్టిన తొలి ఏడాదే మూడో స్థానం సంపాదించి ఈ జట్టు పలువురిని ఆశ్చర్యపరచింది. మరుసటి ఏడు పోర్చుగల్ శిక్షకుడు కార్లోస్ వాజ్ పింటో ఆధ్వర్యంలో రెండో స్థానానికి ఎగబాకింది. అప్పుడు విజేత పంజాబ్ జట్టుకు 52 పాయింట్లు, శ్రీనిధికి 42. పది పాయింట్ల తేడా కనుక ఎవరూ పెద్దగా బాధపడలేదు.

పరాయి మైదానంలో తేలిన ఫలితం

2023-24లో అలా కాదు. కొలంబియా ఆటగాడు డేవిడ్ కాస్టన్యేడా ముందుండగా శ్రీనిధి చివరి వారాల దాకా పట్టు సడలించలేదు. అయితే 2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో లాజోంగ్ జట్టుపై కోల్‌కతా మహమ్మడన్ స్పోర్టింగ్ 2-1తో గెలవడంతో కథ ముగిసింది. శ్రీనిధి ఆడని మ్యాచ్‌లో శ్రీనిధి భవితవ్యం తేలిపోయింది. చివరి లెక్క మహమ్మడన్ 52, శ్రీనిధి 48. ఒక్క గెలుపు, ఒక్క డ్రా విలువ చేసే తేడా! 1891లో పుట్టిన కోల్‌కతా క్లబ్బు సూపర్ లీగుకు వెళ్ళింది. శ్రీనిధి ఉన్నచోటే ఉండిపోయింది.

ఆ నాలుగు పాయింట్ల విలువ తర్వాతి కాలంలో మరింత తెలిసివచ్చింది. 2021-22 సూపర్ లీగు విజేత హైదరాబాద్ ఎఫ్.సి. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. శ్రీనిధి పైకి వెళ్ళి ఉంటే ఆ లోటు నగరానికి అంతగా తెలిసేది కాదు.

1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుది ఈ ఊరే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం తెచ్చిపెట్టిన శిక్షకుడు ఎస్.ఎ. రహీమ్‌దీ ఈ ఊరే. అంతటి చరిత్ర ఉన్న నగరానికి వరుసగా రెండేళ్ళు రెండో స్థానమే దక్కింది. బంతి పట్టుకుని మైదానానికి బయలుదేరే లాలాపేట్ కుర్రవాడికి మాత్రం పాత కప్పుల కథలు చాలవు. తన ఊరి జట్టు దేశంలోని పెద్ద జట్లతో తలపడుతుంటే కళ్ళారా చూడాలి.