పట్టాకు సాక్ష్యము

గల్ఫు పాఠశాలలో ఉపాధ్యాయ పదవి దొరికినను, పట్టా నిజమైనదని రుజువగువఱకు వీసా చేతికి రాదు. ఆ రుజువు ఒక్క ముద్రతో ముగియునది కాదు. పట్టాను మొదట రాష్ట్ర ప్రభుత్వము ధ్రువపఱచును. రాష్ట్రాధికారి సంతకమును పిదప కేంద్ర విదేశాంగ శాఖ ధ్రువపఱచును. అనగా కేంద్రమువారు మన చదువును పరీక్షింపరు, క్రింది చేవ్రాలును మాత్రమే గుర్తింతురు.

జహీరాబాదువారికి మేము ఇచ్చట ఒక చిక్కును ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన యూరికి బీదరు చేరువ. సరిహద్దు దాటి చదివినవారు మనలో లేకపోలేదు. నివాసము తెలంగాణమైనను, పట్టా పుట్టిన రాష్ట్రమే సాక్ష్యము పలుకవలెను. ఉస్మానియా పట్టాకు తెలంగాణ ప్రభుత్వము, గుల్బర్గా పట్టాకు కర్ణాటక ప్రభుత్వము. ఇది తెలియక హైదరాబాదు బస్సెక్కినచో రానుపోను ఖర్చే మిగులును.

ఆపై గమ్యదేశమును బట్టి దారి చీలును. 1961 నాటి హేగు ఒడంబడికలో చేరిన దేశములకు విదేశాంగ శాఖవారి అపోస్టిల్ ముద్ర చాలును; రాయబార కార్యాలయపు ముద్ర అక్కఱలేదు. ఈ ఒడంబడిక భారతదేశమున 2005 జులై 14 నుండి, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు 7 నుండి అమలులో నున్నది. అందు చేరని కువైట్‌కు మాత్రము రాయబార కార్యాలయపు ధ్రువీకరణయు కావలెను.

అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము పత్రమునకు 50 రూపాయలు. సేవా రుసుము అదనము. దళారి వేలు అడిగినచో, ఏ ముద్రకెంతయో విడివిడిగా వ్రాసియిమ్మనుడు. అసలు పట్టాను అప్పగించునపుడు రశీదు తీసికొనుడు.