రాగిజుట్టు రాణులు... రాకుమారులు!

"తలకి నూనె పెట్టుకోక జుట్టు ఎలా ఎర్రబడిపోయిందో చూడు!"

ఈ చీవాట్లు తినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్లలో అరుదు. ఎండకీ, దుమ్ముకీ జుట్టు కాస్త రంగు తిరిగితే చాలు, అమ్మమ్మ కొబ్బరినూనె సీసా పట్టుకుని వెంటపడుతుంది. మనకి జుట్టంటే నలుపే. కారుమబ్బు, తుమ్మెద, నల్లతాచు... హీరోయిన్ జడకి మన సినీకవులు వెతికి తెచ్చిన పోలికలన్నీ నల్లనివే కదా!

కానీ పుట్టుకతోనే నెత్తిన రాగి కిరీటం పెట్టుకుని వచ్చేవాళ్లు కొందరున్నారు. ఎంత నూనె రాసినా ఆ ఎరుపు తగ్గదు. ప్రపంచం మొత్తమ్మీద నూటికి ఒకరో, ఇద్దరో! స్కాట్లాండ్, ఐర్లాండ్‌లలో మాత్రం కాస్త ఎక్కువగా కనిపిస్తారు. ఆ కొద్దిమందిలోంచే హాలీవుడ్‌కి పెద్ద పెద్ద తారలు వచ్చారు. అదే జుట్టు కోసం స్కూల్లో ఏడిపించబడ్డ వాళ్లూ వీళ్లే! ఆ ముచ్చటే ఈవారం మీకోసం.

నలుపు తెలుపుల్లో దాగిన ఎరుపు

మూగచిత్రాల రోజుల్లో క్లారా బో అని ఒక చలాకీ పిల్ల. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ పేటల్లో కటిక పేదరికంలో పెరిగింది. 1927లో వచ్చిన 'ఇట్' సినిమాతో కుర్రకారు గుండెలు కొల్లగొట్టి 'ఇట్ గర్ల్' అయి కూర్చుంది. సొంత జుట్టు ఎర్రటి ఎరుపు. కానీ ఏం లాభం? తెరంతా నలుపూ తెలుపే! పాపం అభిమానులు పత్రికల్లో చదివి ఊహించుకోవలసిందే.

చివరికి 1928లో ఆ జుట్టు పేరే పెట్టి 'రెడ్ హెయిర్' అని సినిమా తీశారు. అందులో కొద్దిభాగం రంగుల్లో చూపించారు. ఇప్పుడు ఆ సినిమా పూర్తిగా దొరకదు. మిగిలిందల్లా ఏదో చిన్న ముక్క. అదృష్టం చూడండి, ఆ ముక్క రంగుల్లోదే!

టెక్నికలర్ రాణి

1935లో 'బెకీ షార్ప్' చిత్రంతో మూడు రంగుల టెక్నికలర్ పూర్తి నిడివి చిత్రాల్లోకి వచ్చింది. కెమెరాలోకి వచ్చిన వెలుగుని విడదీసి, మూడు నెగెటివ్‌ల మీద విడివిడిగా పట్టేవారు. (మన తెలుగులో పూర్తి రంగుల చిత్రం రావడానికి 1963 దాకా, 'లవకుశ' దాకా ఆగవలసి వచ్చింది.) ఆ కొత్త కెమెరాకి తగ్గ ముఖం ఐర్లాండ్ నుంచి వచ్చింది. ఆవిడే మౌరీన్ ఓహారా.

1920లో డబ్లిన్‌లో పుట్టింది. 1939లో 'హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్'లో ఎస్మెరాల్డాగా వేసింది. 1941లో 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ'లో నటిస్తే అది ఉత్తమచిత్రంగా ఆస్కార్ కొట్టేసింది. రెండూ నలుపు తెలుపే! 1942లో 'ద బ్లాక్ స్వాన్' లాంటి రంగుల చిత్రాలు వచ్చాక గాని జనానికి తెలియలేదు, అన్నాళ్లూ తాము ఏం పోగొట్టుకున్నారో. అప్పట్నుంచి ఆవిడకి 'టెక్నికలర్ రాణి' అని బిరుదు.

ఇక 1952లో వచ్చిన 'ద క్వయిట్ మాన్' సంగతి చెప్పక్కర్లేదు. జాన్ ఫోర్డ్ డైరెక్షన్, హీరో జాన్ వేన్. అమెరికా నుంచి సొంతూరికి తిరిగొచ్చిన హీరోకి పచ్చటి చెట్ల మధ్య గొర్రెలు తోలుకుంటూ ఒక పిల్ల కనిపిస్తుంది. ఎర్ర లంగా, నీలం జాకెట్టు, ఎర్రజుట్టు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. అంతే! డైలాగ్ లేదు, డ్యూయెట్ లేదు. హీరోతో పాటు ప్రేక్షకుడూ పడిపోయాడు. ఆ ఏడాది ఉత్తమ దర్శకుడి ఆస్కార్‌తో పాటు రంగుల ఛాయాగ్రహణానికి ఇచ్చే ఆస్కార్ కూడా ఆ సినిమాకే దక్కింది.

ఆ షూటింగ్‌లోదే ఒక సరదా సంఘటన. గాలి మిషన్లు పెట్టారు. జుట్టు వచ్చి కళ్లకి కొరడాలా కొడుతోంది. "కళ్లు తెరువు" అని డైరెక్టర్‌గారు అరుస్తున్నారు. ఓపిక నశించిన మౌరీన్, బట్టతల మనిషికి జుట్టు బాధ ఏం తెలుస్తుందన్న అర్థం వచ్చేలా గట్టిగా తగిలించింది! యూనిట్ అంతా నిశ్శబ్దం. ఫోర్డ్ అంటే అందరికీ సింహస్వప్నం మరి! ఆయన ఒక్క క్షణం ఆగి, పగలబడి నవ్వేశాడట. ఈ ముచ్చట తర్వాత ఆవిడే చెప్పుకుంది.

ఆ అందం గురించి పేజీలకి పేజీలు రాశారు గాని, నటనకి మాత్రం ఒక్క ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. 2014లో, 94 ఏళ్ల వయసులో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. మరుసటి ఏడాదే కన్నుమూసింది.

సీసాలో దొరికిన ఎరుపు

ఇక్కడో తమాషా ఉంది. ఎర్రజుట్టుకి గిరాకీ పెరిగేసరికి స్టూడియోలు ఆ రంగుని తయారుచెయ్యడం మొదలెట్టాయి. రీటా హేవర్త్ అసలు పేరు మార్గరీటా కాన్సినో. స్పానిష్ డాన్సర్ కూతురు. జుట్టు మనలాగే నల్లటిది. దాన్ని ఎర్రగా మార్చారు, నుదుటి మీద వెంట్రుకలు తీయించారు, పేరూ మార్చారు. 1946లో వచ్చిన 'గిల్డా'లో ఆవిడ జుట్టు విసిరి తలెత్తే షాట్‌కి లోకమంతా వెర్రెత్తిపోయింది.

లూసిల్ బాల్ అంతే. సొంత జుట్టు గోధుమరంగు. 1943 నాటి ఒక రంగుల చిత్రం కోసం ఎర్రరంగు వేశారు. ఇక జన్మలో వదల్లేదు. 1951లో మొదలైన ఆవిడ టీవీ సీరియల్ 'ఐ లవ్ లూసీ' నలుపు తెలుపులోనే వచ్చింది. అయినా ఆవిడ జుట్టు ఎరుపని అమెరికాలో తెలియనివాళ్లు లేరు!

కొనుక్కున్న ఎరుపుకి ఇన్ని సలాములు. మరి పుట్టుకతో వచ్చిన ఎరుపుకో?

క్యారెట్టూ... క్యారెట్టూ!

1908లో కెనడా రచయిత్రి ఎల్.ఎం. మాంట్‌గోమరీ రాసిన 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' నవల చాలాసార్లు తెరకెక్కింది. అందులో ఆన్ అనే అనాథపిల్లని క్లాసులో కుర్రాడు క్యారెట్ అని వెక్కిరిస్తాడు. ఆ పిల్ల ఊరుకుంటుందా? పలక తీసి వాడి నెత్తిన పగలగొడుతుంది! తర్వాత నల్లరంగని నమ్మి ఒకడి దగ్గర కొనుక్కుని తలకి వేసుకుంటే, జుట్టు కాస్తా ఆకుపచ్చ అయి కూర్చుంటుంది. చదివితే నవ్వొస్తుంది. కానీ తన జుట్టుని తనే అసహ్యించుకునే పసిదాని ఏడుపు ఆ నవ్వు వెనకాల లేదూ?

అది పాతకాలం సంగతి అనుకోకండి. 2005లో 'సౌత్ పార్క్' అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ ఎర్రజుట్టు పిల్లల మీద ఒక ఎపిసోడ్ తీసింది. వివక్షని ఎగతాళి చెయ్యడం వాళ్ల ఉద్దేశం. అల్లరి మూకకి అదెక్కడ అర్థమవుతుంది? అదే సాకుగా చాలా స్కూళ్లలో ఈ పిల్లల్ని తన్నారు కూడా. తన మీద దాని దెబ్బ గట్టిగానే పడిందని గాయకుడు ఎడ్ షీరన్ తర్వాత బాహాటంగా చెప్పాడు. చిన్నప్పుడు ఎర్రజుట్టు, నత్తి, కళ్లజోడు... ఏడిపించేవాళ్లకి ఇంకేం కావాలి!

నటి జూలియన్ మూర్‌ని చిన్నప్పుడు ముఖం మీది మచ్చలు చూసి ఏడిపించేవారు. ఆవిడ ఆ వెక్కిరింత పేరునే పిల్లల పుస్తకానికి పెట్టి 2007లో అచ్చువేయించింది. 2015లో 'స్టిల్ ఆలిస్'కి ఆస్కార్ అందుకుంది. దెబ్బకి జవాబంటే అదీ!

అసలు కారణం ఇదీ

మన జుట్టుకి నలుపునిచ్చేది యూమెలనిన్. ఎరుపునిచ్చేది ఫియోమెలనిన్. ఏది ఎక్కువ తయారవాలో చెప్పే జన్యువుల్లో ముఖ్యమైనది ఎంసీ1ఆర్. ఎర్రజుట్టుతో దానికున్న సంబంధం 1995లో బయటపడింది. సాధారణంగా మార్పు చెందిన జన్యువు అమ్మ నుంచీ, నాన్న నుంచీ రెండు వైపులా రావాలి. అందుకే ఇద్దరికీ ఎర్రజుట్టు లేకపోయినా బిడ్డకి రావచ్చు! ఈ చర్మం ఎండకి తొందరగా కందిపోతుంది. అంతకుమించి ఇందులో వింతా లేదు, శాపమూ లేదు.

రాగిజుట్టు తిరునాళ్లు

2005లో నెదర్లాండ్స్‌లో బార్ట్ రౌవెన్‌హోర్స్ట్ అనే చిత్రకారుడు బొమ్మలు వెయ్యడానికి 15 మంది ఎర్రజుట్టు అమ్మాయిలు కావాలని ప్రకటన ఇచ్చాడు. 150 మంది వచ్చి వాలారు! అందర్నీ పిలిచి సభ పెడితే పోలా అనుకున్నాడు. అదే పెద్ద పండగైంది. 2013లో బ్రెడా పట్టణంలో 1,672 మంది సహజమైన ఎర్రజుట్టువాళ్లు ఒక్కచోట చేరి గిన్నిస్ రికార్డు సృష్టించారు. 2019 నుంచి ఈ తిరునాళ్లు టిల్‌బర్గ్‌కి మారాయి. క్లాసులో తనొక్కత్తే ఎర్రజుట్టు పిల్లగా పెరిగిన అమ్మాయికి, అటు చూసినా ఇటు చూసినా తన రంగే కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి!

తెర కూడా మారింది. 'హ్యారీ పాటర్' సినిమాల్లో హీరో ప్రాణస్నేహితుడు రాన్ కుటుంబం మొత్తం ఎర్రజుట్టే. ఆ వేషం వేసిన రూపర్ట్ గ్రింట్, 2011లో ఎడ్ షీరన్ పాట 'లెగో హౌస్' వీడియోలో కనిపించి ఇద్దరికీ ఉన్న పోలికని తమాషాగా వాడుకున్నాడు. 2012లో వచ్చిన 'బ్రేవ్' కార్టూన్ చిత్రంలో మెరిడా ఎర్ర ఉంగరాల జుట్టు కదలిక కోసం పిక్సార్ వాళ్లు కొత్త సాఫ్ట్‌వేరే రాసుకున్నారు!

అన్నట్టు, ఆ ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ వచ్చి రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. అదే నెల బెంగుళూరులో శిల్పారావుతో కలిసి 'దేవర'లోని 'చుట్టమల్లే' పాట తెలుగులో అందుకుంటే మైదానం హోరెత్తిపోయింది. ఒకప్పుడు స్కూల్లో ఏ జుట్టు చూసి వెక్కిరించారో, ఆ జుట్టు చూసే ఇక్కడ మన కుర్రాళ్లు ఈలలు వేశారు.

ఇకమీదట మీ క్లాసులో ఎవరి జుట్టయినా, రంగయినా, నడకయినా మీకు వింతగా కనిపిస్తే, వెక్కిరింపు నోటిదాకా వచ్చేలోపల ఒక్కక్షణం ఆగండి. రేపు ఆ మనిషి కోసమే మీరు టిక్కెట్ల క్యూలో నిలబడవలసి వస్తుందేమో, ఎవరు చూడొచ్చారు!