పడకయింటి సంస్కరణము

పడకయింటిని బాగుచేయవలెనన్నంతనే మనవారు ఖర్చును తలంచి వెనుదీయుదురు. మొదటి పనికి కాసైన నక్కఱలేదు. పల్లెయిండ్లలో పడకగది సగము కొట్టుగదియే. ధాన్యపు బస్తాలు, ట్రంకుపెట్టెలు, విఱిగిన తొట్టెల, అన్నియు మంచము చుట్టునే యుండును. ముందు వానిని వెలుపలికి తీయింపుడు. పగటివేళ దోమలు దాగునది ఆ చీకటి సందులలోనే. దోమకడుపులో మలేరియా క్రిమిని రొనాల్డు రాసు అను వైద్యుడు 1897 ఆగష్టులో కనుగొన్నది మన సికింద్రాబాదునందే. అట్టి గదిలో మన పసిపిల్లలు పరుండుదురని మఱువరాదు.

పిమ్మట మంచమును ఎండలోనికి తెప్పించి, కోళ్ల బెజ్జములలో సలసల మరగు నీరు పోయించిన నల్లులు చచ్చును. గోడలకు సున్నము వేయించునపుడు తుమ్మజిగురు కొంచెము కలిపినచో చేతికంటదు. తెల్లని గోడ చిన్న దీపపు వెలుతురును సైతము పెంచి చూపును. ఇంతకంటె చౌకయైన అలంకారమును నేనెఱుగను.

కొంత వెచ్చింపగలవారు కిటికీల మాట తలపెట్టవలెను. ఒక్కటి చాలదు. గాలి వచ్చుటకొకటి, పోవుటకొకటి, ఎదురెదురు గోడలకుండవలెను. మట్టిగోడను కొట్టించునపుడు, పైని బరువునాపు చెక్కదూలమును నిలిపినగాని కన్నమును పెద్దది చేయరాదు. దొంగల భయమందురా, ఇనుపకమ్ములున్నవి. సన్నని తీగెవల కూడ బిగించిన మఱియు మేలు.

ఉత్తరశిరస్సు కూడదను నియమమును నేనును పాటింతును. అంతమాత్రమున మంచమును గాలియాడని మూలకు నెట్టనక్కఱలేదు. తల తూర్పునకు పెట్టవచ్చును.

దోమతెర కట్టువారు దాని అంచులను పరుపు క్రిందికి దోపవలెను. వృద్ధుల మంచమునుండి తలుపుదాక దారిలో చెంబైనను ఉంచరాదు. రాత్రివేళ తగిలి పడినచో తుంటియెముక విఱుగవచ్చును. నీళ్లచెంబును తలాపున పీటపై నుంచుడు.