డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రామ్: కనెక్షన్ లోపాలను గుర్తించడం, సరిచేయడం

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• మెయిల్ ప్రోగ్రామ్, సర్వర్‌తో సంబంధం ఏర్పరచుకునే క్రమాన్ని వివరించగలుగుతారు.
• తెరపై కనిపించే లోప సందేశాన్ని బట్టి కారణాన్ని గుర్తించగలుగుతారు.
• పాత మెయిల్స్ పోగొట్టుకోకుండా లోపాన్ని సరిచేయగలుగుతారు.

2. పరిచయం

షేక్‌పేటలో అద్దె గదిలో ఉంటూ, పగలు ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఎడిటింగ్ ఆఫీసులో పనిచేస్తూ, దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న విద్యార్థి ఒకడున్నాడనుకుందాం. మర్నాడు సాయంత్రంలోగా అసైన్‌మెంట్ పంపాలి. ఆఫీసు పని ముగిశాక అక్కడి కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ తెరిచాడు. కొత్త మెయిల్స్ రాలేదు, రాసినది వెళ్లలేదు. కనెక్షన్ విఫలమైందన్న సందేశం మాత్రం కనిపించింది. పాస్‌వర్డ్ మూడుసార్లు మళ్లీ కొట్టాడు, ఫలితం లేదు. ఇక ఖాతాను తొలగించి కొత్తగా పెడదామనుకున్నాడు.

ఇక్కడే అతడు ఆగాలి. కంప్యూటర్‌లో మాత్రమే దాచిన రెండేళ్ల మెయిల్స్ ఆ ఒక్క నొక్కుతో పోవచ్చు. పైగా లోపం ఎక్కడుందో అతనికి ఇంకా తెలియదు. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యసూత్రం ఇదే: సంబంధం ఏ మెట్టు దగ్గర తెగిందో తెలిసేవరకు ఏ సెట్టింగునూ మార్చకండి.

3. రావడానికి ఒక దారి, పోవడానికి మరో దారి

మెయిల్ ప్రోగ్రామ్ రెండు వేర్వేరు సర్వర్లతో మాట్లాడుతుంది. మెయిల్ పంపడానికి ఎస్ఎంటీపీ అనే నియమావళిని వాడుతుంది. తీసుకోవడానికి పాప్3 గాని, ఐమ్యాప్ గాని వాడుతుంది. అందుకే మెయిల్స్ వస్తున్నా మీరు పంపినవి వెళ్లకపోవచ్చు.

ఎస్ఎంటీపీ నియమావళిని జోనథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ప్రకటించాడు. అదే నెల 26న, ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ప్రధాన కార్యాలయమున్న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అన్న పేరుతో మొదలైంది. ఆనాటి ఎస్ఎంటీపీ పంపేవారి పాస్‌వర్డ్ అడిగేది కాదు. ఆ ఏర్పాటు 1999లో చేరింది. ఇప్పటికీ పంపే సర్వర్‌కు పాస్‌వర్డ్ వ్యవహారం విడిగా చూపవలసి రావడానికి ఇదొక కారణం.

పాప్3కి, ఐమ్యాప్‌కు ఉన్న తేడాను బాగా గమనించండి. పాప్3 మెయిల్స్‌ను మీ కంప్యూటర్‌లోకి దించుతుంది. సర్వర్‌లో ప్రతి ఉంచమని మీరు చెప్పకపోతే అక్కడ చెరిపేయవచ్చు. ఐమ్యాప్‌లో అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది. కంప్యూటర్, ఫోన్ రెండింటిలోనూ మెయిల్ చూసేవారికి ఐమ్యాప్ అనువైనది.

4. ఐదు మెట్లు

ఫిల్మ్‌నగర్‌లో మీరెన్నడూ చూడని ఒక ఆఫీసుకు వెళ్తున్నారనుకోండి. దారి ఉండాలి. అడ్రసు దొరకాలి. సరైన గేటు తెరిచి ఉండాలి. అది మీరు వెతికే ఆఫీసేనని నమ్మకం కలగాలి. చివరగా మీరెవరో వాచ్‌మన్‌కు చూపాలి. మెయిల్ ప్రోగ్రామ్ కూడా ఇదే వరసలో వెళ్తుంది:

(1) ఇంటర్నెట్ ఉండాలి.
(2) సర్వర్ పేరుకు తగిన అంకెల చిరునామా దొరకాలి.
(3) సర్వర్‌లో సరైన పోర్టు తెరిచి ఉండాలి.
(4) సర్వర్ చూపే భద్రతా సర్టిఫికెట్ చెల్లాలి.
(5) మీ యూజర్ పేరును, పాస్‌వర్డ్‌ను సర్వర్ ఒప్పుకోవాలి.

ఐదో మెట్టు దగ్గర సర్వర్ కాదన్నదంటే మొదటి నాలుగూ దాటినట్టే. అప్పుడు వై-ఫై రూటర్‌ను ఆపి వేయడం వృథా. అలాగే రెండో మెట్టు దగ్గర ఆగితే పాస్‌వర్డ్ మార్చడం వృథా.

5. ముందుగా చేయవలసిన మూడు పరీక్షలు

మొదటి పరీక్ష: బ్రౌజర్‌లో అదే ఖాతా తెరవండి. అక్కడా తెరుచుకోకపోతే లోపం ఖాతాలో గాని, ఇంటర్నెట్‌లో గాని ఉంది. అక్కడ తెరుచుకుంటే మెయిల్ ప్రోగ్రామ్‌నూ, దాని దారినీ చూడాలి.

రెండో పరీక్ష: ఆఫీసు వై-ఫై వదిలి, ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. హాట్‌స్పాట్‌తో పనిచేస్తే ఆఫీసు నెట్‌వర్క్ ఆ పోర్టును అడ్డుకుంటోందని అనుమానించవచ్చు.

మూడో పరీక్ష: రావడం ఆగిందా, పోవడం ఆగిందా, రెండూ ఆగాయా చూడండి. ఒకటే ఆగితే ఆ ఒక్క సర్వర్ సెట్టింగులు మాత్రమే పరిశీలించండి.

6. లోప సందేశం ఏం చెబుతుంది?

సందేశాన్ని చదవకుండా మూసివేయడం చాలామంది చేసే పొరపాటు. దాన్ని పూర్తిగా చదివి, కాగితంపై రాసుకోండి.

6.1 'సర్వర్ నాట్ ఫౌండ్': ఇది రెండో మెట్టు. సర్వర్ పేరులో అక్షరం తప్పిందేమో, చివర ఖాళీ ఉందేమో చూడండి.

6.2 'కనెక్షన్ టైమ్డ్ అవుట్', 'కనెక్షన్ రిఫ్యూజ్డ్': ఇవి మూడో మెట్టు. మొదటిదానికి అర్థం అవతలినుంచి జవాబే రాలేదని. సాధారణంగా ఫైర్‌వాల్ గాని, తప్పు పోర్టు గాని కారణం. రెండోదానికి అర్థం ఆ పోర్టులో కనెక్షన్‌ను ఒప్పుకోలేదని. భద్రతతో కూడిన పోర్టులు ఇవి:
• ఐమ్యాప్: 993
• పాప్3: 995
• ఎస్ఎంటీపీ: 465 (ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ ఎంచుకోవాలి) లేదా 587 (స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకోవాలి)
పోర్టు సంఖ్య, భద్రత రకం జతగా సరిపోవాలి. పాత పుస్తకాల్లో పంపడానికి చెప్పే 25వ పోర్టును అనేక ఇంటర్నెట్ సంస్థలు మూసివేస్తాయి. స్పామ్‌ను అరికట్టడానికే ఈ ఏర్పాటు.

6.3 సర్టిఫికెట్ హెచ్చరిక: ఇది నాలుగో మెట్టు. ముందు కంప్యూటర్ తేదీ చూడండి. పాత కంప్యూటర్ ఆపి వేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే, మదర్‌బోర్డుపై నాణెంలాంటి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. తేదీ తప్పితే చెల్లే సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగా కనిపిస్తుంది. తేదీ సరిగానే ఉంటే, మెయిల్‌ను తనిఖీ చేసే యాంటీవైరస్ మధ్యలో తన సర్టిఫికెట్ చూపుతోందేమో పరిశీలించండి. బయటి వై-ఫైలో ఉన్నప్పుడు ఈ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లవద్దు. మీ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం.

6.4 'ఆథెంటికేషన్ ఫెయిల్డ్', 535: ఇది ఐదో మెట్టు. యూజర్ పేరు చోట పూర్తి మెయిల్ చిరునామా ఇచ్చారా? ఇచ్చినా కుదరకపోతే, మీ పాస్‌వర్డ్ సరైనదే అయినా సర్వర్ ఒప్పుకోకపోవచ్చు. 2022 మే 30 నుంచి గూగుల్, వ్యక్తిగత ఖాతాలకు మామూలు పాస్‌వర్డ్‌తో ఇతర ప్రోగ్రాముల ప్రవేశాన్ని ఆపివేసింది. మైక్రోసాఫ్ట్ కూడా 2024 సెప్టెంబరు 16న వ్యక్తిగత అవుట్‌లుక్ ఖాతాలకు ఇలాగే చేసింది. ఇప్పుడు ఓఆథ్2 పద్ధతి ఎంచుకోవాలి. అప్పుడు ఒక చిన్న విండో తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ అక్కడ ఇవ్వాలి. థండర్‌బర్డ్‌లో కుకీలకు అనుమతి లేకపోతే ఈ ప్రవేశం పూర్తికాదు. ఓఆథ్2 తెలియని పాత ప్రోగ్రామ్ అయితే, గూగుల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవచ్చు. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చితే పాత యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయని మరవకండి.

6.5 ఫైలు పెద్దదన్న సందేశం: ఇది కనెక్షన్ లోపం కాదు. జీమెయిల్‌లో జోడింపుల పరిమితి 25 మెగాబైట్లు. వీడియో ఫైళ్లను డ్రైవ్‌లో ఉంచి లింకు పంపండి.

7. పాటించవలసిన జాగ్రత్తలు

• గడువు దగ్గరపడితే ముందు బ్రౌజర్ ద్వారా పని ముగించండి, మరమ్మతు తరవాత చేసుకోవచ్చు.
• పాప్3 ఖాతా అయితే ఏదైనా తొలగించే ముందు మెయిల్స్ ఉన్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.
• ఒకసారి ఒక్క సెట్టింగే మార్చి, ఫలితం చూడండి. పాత విలువ రాసి ఉంచుకోండి.

8. మన విద్యార్థి ఏం చేశాడు?

బ్రౌజర్‌లో ఖాతా తెరుచుకుంది. అక్కడినుంచే అసైన్‌మెంట్ పంపి ఊపిరి పీల్చుకున్నాడు. తరవాత హాట్‌స్పాట్‌తో చూశాడు. అదే లోపం. అంటే ఆఫీసు నెట్‌వర్క్ కారణం కాదు. రావడం, పోవడం రెండూ ఆగాయి. సందేశం పూర్తిగా చదివితే 'ఆథెంటికేషన్ ఫెయిల్డ్' అని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, వారం క్రితం ఫోన్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మార్చాడు. థండర్‌బర్డ్‌లో దాచింది పాత యాప్ పాస్‌వర్డ్. ఓఆథ్2కు మార్చగానే మెయిల్స్ వచ్చాయి. ఖాతా తొలగించి ఉంటే, ఇదే పని చివరికి చేయవలసి వచ్చేది, రెండేళ్ల మెయిల్స్ మాత్రం మిగిలేవి కావు.

9. సారాంశం

మెయిల్ ప్రోగ్రామ్ ఐదు మెట్లు వరసగా దాటి సర్వర్‌ను చేరుతుంది. లోప సందేశం ఆగిన మెట్టును సూచిస్తుంది. బ్రౌజర్, హాట్‌స్పాట్, రాకపోకల పరీక్షలు ఆ సూచనను నిర్ధారిస్తాయి. కారణం తెలిసిన తరవాతే సెట్టింగు మార్చాలి.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

(1) మెయిల్స్ వస్తున్నాయి, మీరు పంపినవి మాత్రం వెళ్లడం లేదు. ఏ సర్వర్ సెట్టింగులు చూస్తారు?
(2) ఆఫీసులో 'టైమ్డ్ అవుట్' వస్తోంది, హాట్‌స్పాట్‌తో పనిచేస్తోంది. లోపం ఏ మెట్టులో ఉంది?
(3) పాప్3 ఖాతాను తొలగించే ముందు ఏం చేయాలి? ఎందుకు?

జవాబులు: (1) ఎస్ఎంటీపీ. (2) మూడో మెట్టు. ఆఫీసు నెట్‌వర్క్ పోర్టును అడ్డుకుంటోంది. (3) మెయిల్ ఫోల్డర్ కాపీ చేయాలి. సర్వర్‌లో ప్రతి లేకపోవచ్చు.