నీళ్లలో చెడుపు, పేస్టులో మేలు: ఫ్లోరైడ్ ఎందుకిలా?

జనగామ వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో గారపండ్లు (మచ్చలు పడ్డ పళ్లు) కొత్త కాదు. పక్కనున్న పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల కథ తెలిసిందే. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ లోతు నీటిలోకి దిగుతుంది. అందుకే అక్కడి తల్లులు అడుగుతారు: "గదే ఫ్లోరైడు పేస్టుల ఎందుకు కలుపుతున్నరు?"

పేస్టు పని పంటి పైపైనే. తిన్న తీపిని నోటిలోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం పంటి పైపొరైన పింగాణిలోని కాల్షియంను కరిగిస్తుంది. లాలాజలంలో కాస్త ఫ్లోరైడ్ ఉంటే పోయిన ఖనిజం తిరిగి చేరి గట్టిపడుతుంది. మామూలు పింగాణి 5.5 పీహెచ్ దగ్గరే కరగడం మొదలవుతుంది, ఫ్లోరైడ్ చేరినది సుమారు 4.5 దాకా తట్టుకుంటుంది. దీనికి మింగనక్కర్లేదు, ఉమ్మేయాలి.

మింగితే దారి వేరు. కడుపు, పేగుల నుంచి రక్తంలోకి వెళ్తుంది. పెద్దవాళ్లలో దాదాపు సగం మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకల్లో చేరుతుంది. ఎదిగే పిల్లల ఎముకలు ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. చిగురు కింద పన్ను తయారవుతున్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే పింగాణి గుల్లగా ఏర్పడుతుంది. బయటికొచ్చాక సుద్దలాంటి తెల్ల మచ్చలు, తర్వాత వాటికి గోధుమ రంగు. ఎనిమిదేళ్లు దాటాక కొత్తగా గార రాదు, కానీ ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. సాధారణ పేస్టులో గ్రాముకు 1 మిల్లీగ్రాము వరకు ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆపైన బఠాణీ గింజంత చాలు. ట్యూబు అందకుండా పెట్టాలి. ఒంటి బరువులో కిలోకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మింగితే ప్రమాదం, అంటే పది కిలోల బిడ్డకు 50 గ్రాముల పేస్టు. రక్తంలోని కాల్షియం పడిపోతుంది. పాలు తాగించి వెంటనే దవాఖానకు తీసుకెళ్లాలి.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఒకే ఊళ్లో ఈ బోరులో ఎక్కువ, ఆ బోరులో తక్కువ ఉండొచ్చు. కాబట్టి ప్రతి బోరునూ విడిగా పరీక్ష చేయించాలి. నల్లా ద్వారా వచ్చే నది నీళ్లు ఇంటిల్లిపాదికీ సరిపోకపోతే ముందు ఎనిమిదేళ్లలోపు పిల్లలకే కేటాయించండి. తాగడానికే కాదు, వాళ్ల అన్నం, పప్పు వండడానికీ అవే వాడండి.