పొడి ఒకటైనా సిరామిక్ ఒకటి కాదు: అపోహలు – వాస్తవాలు

పంటి క్యాపుల్లోనూ కృత్రిమ తుంటి కీళ్లలోనూ ఇప్పుడు సిరామిక్స్ వాడుతున్నారు. వీటిని పింగాణీ కప్పులా చూడటం వల్ల కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: పొడిని కరిగించి అచ్చులో పోస్తారు.
వాస్తవం: అల్యూమినా అనే సిరామిక్ కరగాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. దాన్ని సాధారణంగా 1,500–1,700 డిగ్రీల దగ్గర, కరగనివ్వకుండానే కాలుస్తారు. రేణువులు అతుక్కుని, నడుమ ఖాళీలు పూడిపోతాయి. ఇదే సింటరింగ్. ఆ మేరకు వస్తువు కుంచించుకుపోతుంది కాబట్టి జిర్కోనియా అనే మరో సిరామిక్‌తో చేసే పంటి క్యాపును ముందు అసలు సైజుకన్నా పెద్దదిగా చెక్కి, తర్వాత కాలుస్తారు.

అపోహ: సిరామిక్ గుండా వెలుతురు పోదు.
వాస్తవం: అడ్డుకునేది అల్యూమినా కాదు, అందులో మిగిలిపోయిన సూక్ష్మరంధ్రాలు. స్ఫటిక రేణువులు అదుపు తప్పి పెరిగితే రంధ్రాలు వాటి లోపలే చిక్కుకుంటాయి. కొద్దిగా మెగ్నీషియా కలిపితే ఆ పెరుగుదల అదుపులో ఉంటుందని 1950ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ కోబుల్ కనుగొన్నారు. పసుపు వెలుగునిచ్చే సోడియం వీధి దీపాల లోపలి గొట్టం అలా సాధ్యమైంది.

అపోహ: రేణువులు ఎంత సన్నవైతే అంత మంచిది.
వాస్తవం: మామూలు వేడిలో బలానికి ఇది చాలావరకు నిజం. తీవ్రమైన వేడిలో చాలాకాలం భారం మోయాలంటే మాత్రం సన్న రేణువులే నష్టం; వాటి హద్దుల వెంబడి జారుడు ఎక్కువ. సిలికాన్ నైట్రైడ్ అనే సిరామిక్‌లోనైతే పొడవాటి రేణువులను కావాలనే పెంచుతారు. పగులు వాటిని చుట్టుకుని పోవాల్సి వచ్చి నీరసిస్తుంది.

అపోహ: సిరామిక్ అంటే గాజులా పెళుసే.
వాస్తవం: యిట్రియా కలిపిన జిర్కోనియాలో పగులు కొస దగ్గరి రేణువులు స్ఫటిక రూపం మార్చుకుని, సుమారు 4 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును నొక్కిపడుతుంది. ఉక్కుకు ఇంకా సాటి రాకపోయినా, గాజుకన్నా ఇది ఎన్నో రెట్లు గట్టి.

అపోహ: ఫార్ములా మారకపోతే నాణ్యతా మారదు.
వాస్తవం: 1998లో ఒక ఫ్రెంచి కంపెనీ తుంటి కీలు జిర్కోనియా బంతులను కాల్చేందుకు పాత ఫర్నేస్ స్థానంలో టన్నెల్ ఫర్నేస్ పెట్టింది. అలా తయారైన కొన్ని బ్యాచ్‌ల బంతులు రోగుల ఒంట్లోనే పగిలాయి. 2001లో వాటిని వెనక్కి పిలిపించారు. పగులును ఆపాల్సిన ఆ రూపమార్పే శరీరంలోని తేమకు ముందుగానే మొదలై, బంతిని బలహీనపరిచింది. ఫర్నేస్ మారిందంటే సరుకు కొత్తదే. పరీక్షలూ మళ్లీ మొదటి నుంచే.