మగపిల్లవాడు ఏడవకూడదా?

గడ్డిఅన్నారం: నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదని మనవాళ్లు సామెత కట్టారు. ఒక్క మాటతో ఆడపిల్ల నవ్వుకూ, మగపిల్లవాడి కన్నీటికీ తాళం వేసేశారు!

బిడ్డ పుట్టగానే కేరుమని ఏడవకపోతే మంత్రసాని కంగారు పడేది. ఆ ఏడుపుకు ఆడా మగా తేడా లేదు. తేడా మనం నేర్పేదే. నాలుగేళ్ల పిల్లవాడు అరుగు మీద నుంచి పడి మోకాలు చీరుకుంటే 'ఆడపిల్లలా ఏడుస్తావేంరా' అంటాం. పక్కనున్న అక్క కూడా ఆ మాట వింటుంది. ఏడుపు తన వంతని ఆమెకు అర్థమవుతుంది. ఆమెకు కోపం వస్తే మాత్రం 'ఆడపిల్లకు భూదేవికున్నంత ఓర్పుండాలి' అని నోరు మూయిస్తాం. అదే కొడుకు అన్నం పళ్లెం విసిరికొడితే తాత పోలికని మురిసిపోయే ఇళ్లున్నాయి. మగవాడికి మనం వదిలిన దారి అదొక్కటే.

చావు ఇంట్లో చూడండి. ఆడవాళ్లు శోకాలు పెట్టి, పోయినవారి మంచిచెడ్డలు తలచుకుని గుండె బరువు దించుకుంటారు. మగవాళ్లు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ బయట పాడె కడతారు.

ఈ చదువు ఫలితం గడ్డిఅన్నారం వంటి చోట తెలుస్తుంది. పండ్ల మార్కెట్ 2022 నాటికి బాటసింగారానికి తరలిపోయింది గానీ, అంతకు ముందు నల్గొండ బత్తాయి రైతులు లోడుతో వచ్చింది ఇక్కడికే. ధర పడిపోయిన రోజున కూడా ఆ సంగతి ఇంట్లో పొక్కనీయని తండ్రులెందరో. ఇప్పుడు పల్లెల పిల్లలు పక్కనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు వచ్చి హాస్టళ్లలో ఉంటున్నారు. పరీక్ష తప్పినా 'మంచిగనే ఉన్న నాయనా' అని ఫోన్ పెట్టేసే కుర్రవాడికి ఆ మాట ఎవరు నేర్పినట్టు?

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. నూటికి దాదాపు 72 మంది మగవారే. అప్పులు, రోగాలు, ఇంటి తగాదాలు... కారణాలు అనేకం. నెపమంతా సామెత మీదకు నెట్టడం న్యాయం కాదు. కానీ బాధ చెప్పుకోవడమే నామోషీ అనుకున్నవాడికి సాయం ఎలా అందుతుంది?

ఆడపిల్ల బతుకు సుఖమనీ కాదు. ఏడవడానికి అడ్డు లేదు, 'నాకిది వద్దు' అనడానికే అడ్డు. అత్తింటి బాధ చెప్పుకుంటే 'సర్దుకుపో' అంటారు.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ ఫోన్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. ఏ వేళనైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలను హాస్టల్లో దించి వచ్చేటప్పుడు పచ్చడి సీసాతో పాటు ఈ నంబరూ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, కొడుక్కైనా, కూతురికైనా.